చలవ సున్నం

ఎండను తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా ఇంట్లో పొయ్యి వెలిగేదే ఎండ పుణ్యాన. రాజమండ్రి మొత్తం మీద రోహిణీకార్తె ఎప్పుడొస్తుందా అని వీధిగుమ్మంలో నిలబడి ఎదురుచూసే మనిషి ఎవరైనా ఉన్నారంటే అది నేనే, తాండ్ర సత్యవేణిని.

మాది తాతల నాటి మామిడి తాండ్ర పని. పండ్ల రసం తీసి, పంచదార కలిపి, తాటాకు చాపల మీద పల్చగా పూత పోస్తాం. ఆ పూత ఎండాక దాని మీద ఇంకో పూత. దాని మీద మరోటి. వేలి మందం తేలేదాకా ఇదే తంతు. పొయ్యి అక్కర్లేదు, మర అక్కర్లేదు, పైనున్న సూర్యనారాయణమూర్తి కరుణిస్తే చాలు. ఆయన కరుణ ఈమధ్య మరీ శ్రుతి మించింది, అది వేరే సంగతి.

ఇప్పుడు మా ఊళ్ళో వేసవి వస్తే పట్టపగలే సైరను మోగుతుంది. మోగాక వీధిలో మనిషి కనపడకూడదు. కొట్లు మూసేస్తారు, బస్సులు ఆపేస్తారు, సాయంత్రం మళ్ళీ సైరను మోగేదాకా ఊరు ఊరంతా తలుపులు బిడాయించుకుని పడుకుంటుంది. దీన్ని ఎండబందు అంటాం. మా చిన్నప్పుడు పార్టీలవాళ్ళు బందులు చేయించేవారు, ఇప్పుడు ఆ పని సూర్యుడే చూసుకుంటున్నాడు.

మా మామగారు అబ్బులుగారికి ఈ బందులు పట్టేవి కావు. పూత సగం ఆరాక చాపను ఇటుది అటు తిప్పాలి. తిప్పకపోతే ఒక పక్క బిగుసుకుపోతుంది, ఒక పక్క మెత్తబడుతుంది. ఆ తిప్పే వేళ సరిగ్గా సైరను మోగాకే వస్తుంది. "ఆడి సైరను ఆడిది, నా చాప నాది" అని తలకు తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి వెళ్ళేవారు. నాలుగేళ్ళ కిందట అలాగే వెళ్ళి, చాపల మధ్య కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారు. వడదెబ్బ అన్నారు డాక్టరుగారు.

మా ఆడపడుచు హైమావతి అప్పటికే యూనివర్సిటీ లాబొరేటరీలో సైంటిస్టు. నేను కాపరానికి వచ్చేనాటికి రెండు జడల పిల్ల. తల్లి లేదు. ఆ జడలు అల్లింది నేను, మోకాళ్ళు చీరుకుపోయి వచ్చినప్పుడల్లా పసుపు అద్దింది నేను. అందుకే ఎంత సైంటిస్టయినా నాకు మాత్రం 'అది'యే. ఆ రోజు పరుగెత్తుకుంటూ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని, "నాన్న ఇంకా వేడిగానే ఉన్నాడు వదినా" అంది. ఆ ఒక్క మాటే. తర్వాత దాని కంట్లోంచి చుక్క రాలితే ఒట్టు. కర్మలు కాగానే వెళ్ళి లాబొరేటరీలో పడింది. పండక్కి రాదు, పబ్బానికి రాదు. ఫోను చేస్తే "పనిలో ఉన్నా వదినా" అని పెట్టేస్తుంది. నాకు దాని మీద బెంగా ఉండేది, మంటా ఉండేది.

కిందటేడు మాఘమాసంలో తనే ఫోను చేసింది. "వదినా, ఒకటి చూపిస్తా, రా" అంది. పప్పుచారూ వంకాయ వేపుడూ క్యారేజీలో సర్దుకుని వెళ్ళాను. లాబొరేటరీ అంటే అద్దాల బీరువాలూ తెల్లకోట్లూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే తాపీమేస్త్రీ కొట్టులా ఉంది. ఎక్కడ చూసినా సున్నం బస్తాలు, ఇటుకలు, డబ్బాల నిండా గంజి.

ఒక మూల మనిషెత్తు గోడ కట్టి సున్నం వేసి ఉంచింది. ఎదురుగా పెద్ద పెద్ద దీపాలు పెట్టి పొద్దుటి నుంచీ ఆ గోడను కాలుస్తోందట.

"చెయ్యి పెట్టు."

"కాలదూ?"

"పెట్టవే బాబూ!"

పెట్టాను. కుండ మీద చెయ్యేసినట్టు చల్లగా ఉంది! ఒళ్ళు ఝల్లుమంది.

"ఇప్పుడు ఈ స్టూలెక్కి పై అంచు మీద పెట్టు. పెట్టకు, దగ్గరగా చాపు చాలు."

పై అంచు నుంచి సెగ కొట్టింది. చటుక్కున చెయ్యి తీసేసుకున్నాను.

"ఈ సున్నంలో ప్రాణం ఉంది వదినా" అంది హైమ. "గోదావరి గట్టు మీద పాడుబడ్డ గచ్చుగోడ ఒకటుంది చూడు, ఎంత ఎండలోనూ చల్లగా ఉంటుందని చిన్నప్పుడు వీపు ఆనించి కూర్చునేవాళ్ళం. ఆ గచ్చులో దొరికింది. కంటికి కనపడని పోగులు. గోడకి పట్టిన వేడిని ఒక పోగు ఇంకో పోగుకి అందిస్తుంది, అది పై దానికి. అలా పిట్టగోడ దాకా మోసుకెళ్ళి గాల్లోకి వదిలేస్తాయి."

"కూలి లేకుండానే మోస్తాయా?"

"ఎందుకుండదు? రోజూ గంజి పొయ్యాలి."

"ఓసి నీ అసాధ్యం కూలా! గంజి తాగే సున్నమా!" అన్నాను. పేరేమిటని అడిగితే చాంతాడంత ఇంగ్లీషు పేరు చెప్పింది. "అది పలికేలోగా మనిషికి వడదెబ్బ తగులుతుంది. చలవ సున్నం అను, నోటికి పడుతుంది" అన్నాను. నవ్వింది. ఎన్నాళ్ళకో చూశాను ఆ నవ్వు. మున్సిపాలిటీవాళ్ళు ఒక సందు ఇస్తామన్నారనీ, వైశాఖమాసంలో ఆ సందు ఎండబందు లేకుండా నడిస్తే ఊరంతా వేయిస్తారనీ, నడవకపోతే ఫైలు అటకెక్కుతుందనీ చెప్పింది.

"ఏ సందు అడిగావు?"

"ఇంకేది? మన సందే. నాన్న పోయిన సందు."

కళ్ళనీళ్ళు తిరిగాయి నాకు. క్యారేజీ కడుక్కుని ఆటో ఎక్కి కూర్చున్నాను. ఆటో మెయిన్ రోడ్డు దాటాక గుండె గతుక్కుమంది. సందు చల్లబడితే నా తాండ్ర ఎలా ఎండుతుంది?

ఆ ఆదివారం హైమ సున్నం సంగతి మాట్లాడటానికి ఇంటికొచ్చింది. అన్నాలయ్యాక అడిగాను. అది చెయ్యి కడుక్కుంటున్నదల్లా ఆగిపోయింది.

"తాండ్ర గురించి నేను ఆలోచించలేదు వదినా" అంది. అబద్ధమాడే అలవాటు దానికి లేదు, అదొక జబ్బు.

"ఆలోచించలేదా? నీ బళ్ళో ఫీజులూ నీ కాలేజీ ఫీజులూ ఆ చాపల మీంచి లేచినవే కదే!"

"అది కాదు వదినా... ఊరవతల స్థలం చూసుకుని అక్కడ ఎండబెట్టుకుంటే?"

"ఊరవతల నడినెత్తిన ఎండలో నిలబడి చాపలు తిప్పడానికి ఎవర్ని పంపుతావు? మీ అన్నయ్యనా?"

ఆ మాట నోరు దాటాక నాలుక కరుచుకున్నాను. హైమ ముఖం పాలిపోయింది. మా ఆయన గవర్రాజుగారు అటు చెల్లెల్నీ ఇటు నన్నూ చూసి, కరవమంటే కప్పకి కోపం విడవమంటే పాముకి కోపం అన్నట్టు, మజ్జిగ గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పారు. తర్వాత మెల్లిగా, "వేణీ, ఆ చాపల దగ్గరికి నువ్వు ఎళ్ళిన పెతీసారీ నేను కిటికీలోంచి చూత్తా కూర్చుంటున్నానే. లేచి వత్తావో లేదో అని" అన్నారు.

పాతికేళ్ళ కాపరంలో ఆయన నాతో అంత పెద్ద మాట అనలేదు. కిటికీలోంచి చూస్తున్న సంగతే నాకు తెలీదు. ఇంకేమనను? "వేసుకోండి. ఈ ఏటికి వేసుకోండి" అన్నాను. పైకి అలా అన్నానే గాని, ఈ ఏడు తాండ్ర పోతే మళ్ళీ లేవదని నాకు తెలుసు. వాడుకగా కొనే కొట్లవాళ్ళు వేరే చోట చూసుకుంటారు, మామగారి చేతుల మీదుగా వచ్చిన పని నా చేతుల్లోనే ఆగిపోతుంది.

ఫాల్గుణంలో సందంతా సున్నాలు వేశారు. మా సందులో గంజికి కొదవలేదు. మూలనున్న మెస్సు రమణమ్మ రోజూ డేగిసాల కొద్దీ అన్నం వార్చి ఆ గంజిని కాలవలో పారబోసేది. ఇకనుంచి గోడలకు పోస్తానంది. దానికి లాండ్రీ నూకరాజు అడ్డం పడ్డాడు. వాడి కొట్టు మీద 'ఇచ్చట బట్టలు చలవ చేయబడును' అని బోర్డుంటుంది.

"గంజంతా గోడలు తాగేత్తే నా బట్టలేం తాగుతాయండీ? అయినా చలవ అనే ముక్క మా తాతల కాణ్ణించీ మాదండి. ఆవిడగారు సున్నానికి పెట్టేసుకుంటే ఎలాగండి?"

"నీ బట్టలకి చెంబుడు చాలురా నాయనా, ఏనుగు తాగినట్టు తాగుతాయేంటి!" అంది రమణమ్మ. చివరికి మొదటి వార్పు నూకరాజుకీ, తక్కిందంతా గోడలకీ అని ఒప్పందం కుదిరింది.

ఇక నేను చేసింది చెప్పాలి. కొత్త సైకిలు కొన్నా, గ్రైండరు తెచ్చినా, ఆఖరికి వీధిలో కొళాయి వేసినా పసుపు రాసి బొట్టు పెట్టకుండా ముట్టుకోవడం మాలో లేదు. సందుకు సందే కొత్త పెళ్ళికూతురులా తెల్లగా నిలబడితే ఊరుకుంటానా? పెద్ద గిన్నెలో పసుపు కలిపి, రమణమ్మను వెంటేసుకుని, ప్రతి ఇంటి గోడకూ మూడు వేళ్ళతో బారెడు బారెడు పట్టీలు తీర్చి కుంకుమ పెట్టాను. మామగారి ఫొటో మా సరుకుగది గోడకు, వసారా వైపు ఉండేది. సున్నం కోసం దించాం. మళ్ళీ తగిలించే ముందు ఆ జాగా చుట్టూ, గుమ్మానికి తీర్చినట్టు, నలుచదరంగా పసుపు పట్టీ తీర్చాను. ఫొటో కింద చిన్న చెక్క అర ఉంది, అదీ ఆ చదరంలోకే వచ్చింది. ఏటా మొదటి పూత ముక్క ఆ అర మీద పెట్టాకే మా ఇంట్లో మిగతా పని.

చైత్రం దాటింది. ఎండలు ముదిరాయి. అబ్బ, ఆ సందు చూసి తీరాలి! మెయిన్ రోడ్డు మీద తారు కరుగుతుంటే, మా సందు మలుపు తిరగ్గానే నూతి దగ్గర నిలుచున్నట్టుండేది. సైరను మోగినా ఎవరూ లేచేవారు కాదు. అరుగుల మీద అష్టాచెమ్మా ఆడేవారు. రమణమ్మ మెస్సుకు పక్క వీధుల నుంచి జనం ఎగబడ్డారు, అన్నానికి కొందరు, చల్లదనానికి కొందరు. "అంతా మీ హైమమ్మ చలవే వేణక్కా" అని అందరూ నాతో అనేవారు. నేను నవ్వి, పెరట్లోకి వెళ్ళి చాపలు చూసుకునేదాన్ని.

చాపల మీద పూత ఆరడం లేదు. ఎండ పైనుంచి పడుతూనే ఉంది, కాని చుట్టూ గోడలు చల్లబడి గాలిలో చెమ్మ చేరింది. ఇదివరకు పెరడు పెరడంతా పెనంలా ఉండేది, ఇప్పుడు నీడపట్టులా అయిపోయింది. వేసిన పూత వేసినట్టే జిగటగా ఉండి, అంచుల్లో తెల్లగా బూజు కట్టింది. గోకి పారేసి మళ్ళీ పోశాను. మళ్ళీ బూజే. మొదటి పూత ముక్క, పచ్చిదే, మామగారి అర మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. "మీ అమ్మాయి ఊరిని బతికించింది మామయ్యగారూ. మన పని మాత్రం గంగలో కలిసింది" అని చెప్పి ఏడ్చాను కూడా. హైమతో మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అననందుకు నాలో నేనే ఉడికిపోయాను.

ఇంతలో సున్నం కూడా మొరాయించింది. నూకరాజు కొట్టు గోడ కాలుతోందన్నాడు. మర్నాడు మెస్సు గోడ. తర్వాత మూడో ఇల్లు. చల్లటి గోడ మధ్యలో అక్కడక్కడా నిప్పుల పట్టీలు. మున్సిపాలిటీ ఇంజినీరుగారు సందు చూడ్డానికి వచ్చే వారమే ఇలా అయింది. హైమ భూతద్దం పట్టుకుని గోడ గోడా తడుముకుంటూ మా ఇంటి ముందుకొచ్చి ఆగింది.

"ఈ పసుపు ఎవరు రాశారు?"

"నేనే. ఏం?"

"ఎందుకు?"

"ఎందుకేంటే? కొత్త గోడకి పసుపు రాయరా?"

"పసుపు తగిలిన చోటల్లా పోగులు చచ్చిపోయాయి వదినా. దారి తెగిపోయింది. ఎండలు ఇంత ముదరనన్నాళ్ళూ తెలీలేదు, ఇప్పుడు మోసుకొచ్చిన వేడి పైకెళ్ళలేక అక్కడే గుమ్మరించేస్తున్నాయి." భూతద్దం దించి నా వైపు తిరిగింది. "నా మోకాలు చీరుకుపోతే పసుపు అద్ది, పురుగు చచ్చిపోద్దిలే అన్నది నువ్వే కదా? నీకు తెలీదా?"

నిజంగానే తట్టలేదు నాకు. మోకాలి పసుపు మోకాలిదే, గోడ పసుపు గోడదే అనుకున్నాను. ఆ మాట చెప్పబోయేలోగా అది అననే అంది.

"తాండ్ర కోసమే చేశావా?"

సందులో అందరూ వింటున్నారు. రమణమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తల్లిలా పెంచాననుకున్న పిల్ల నన్ను దొంగను చూసినట్టు చూస్తోంది. "అవునే, చేశాను. ఏం చేసుకుంటావో చేసుకో" అని తలుపు ధడాలున వేసుకున్నాను. పొగరు నాది. చేయని తప్పును కూడా నెత్తినేసుకునే పొగరు.

ఆ పూట అన్నం సయించలేదు. మా ఆయన బతిమాలి బతిమాలి ఊరుకున్నారు. వసారాలోకి వెళ్ళి మామగారి ఫొటో ముందు నిలబడ్డాను. "విన్నారా మీ కూతురి మాట?" అని అద్దం మీద దుమ్ము తుడవబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అద్దం కాలుతోంది.

అర మీదకు చూశాను. నేను పెట్టిన పచ్చి ముక్క పచ్చిగా లేదు. చక్కగా ఎండి, అంచులు నిగనిగలాడుతూ, వెలుగుకు పట్టుకుంటే తేనె రంగులో మెరుస్తోంది. కొరికాను. తాండ్ర! మామగారి కాలం నాటి తాండ్ర! పెరట్లో చాపల నిండా బూజు, ఇక్కడ చూస్తే ఇది.

కోపం ఉంటే ఉండనీ. వీధి తలుపు తీసి, అరుగు మీద తల పట్టుకుని కూర్చున్న హైమను కేకేశాను. "ఒసేయ్, మీ నాన్నకి జ్వరమొచ్చింది. వచ్చి చూడు."

"వదినా, ఇప్పుడు పరాచికాలా?"

"రమ్మంటుంటే!"

వచ్చింది. ఫొటో దించాం. పసుపు పట్టీ నలుచదరంగా ఉంది కదా, దాని బయట గోడ చల్లగా ఉంది. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. నాలుగు పక్కల నుంచీ పోగులు వేడిని మోసుకొచ్చి, పసుపు గట్టు దగ్గర ఆగి, గట్టు లోపలికి దింపేసి పోతున్నాయి. హైమ ఆ గోడకు అరచెయ్యి ఆనించబోయి తీసేసింది. మళ్ళీ ఆనించింది. ఈసారి తియ్యలేదు.

"నాన్న ఇంకా వేడిగానే ఉన్నాడు వదినా" అంది.

అని భోరుమంది. మూడేళ్ళు దాచిన ఏడుపు, ఎక్కడ దాచిందో తల్లి, వెక్కిళ్ళు ఆగవు. గట్టిగా పట్టుకున్నాను. "కావాలని చెయ్యలేదే" అన్నాను. "తెలుసు వదినా, అనేశాక తెలిసింది" అంది. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఏడ్చాం, మా ఆయన వచ్చి మూడో మనిషిగా చేరారు.

కళ్ళు తుడుచుకున్నాక నేను తాండ్ర ముక్క దాని నోట్లో పెట్టాను. నములుతూ నములుతూ ఆగిపోయింది. ముక్కను చూసింది, గోడను చూసింది, సరుకుగదిని చూసింది.

"వేడిని ఆకాశంలోకి ఎందుకు పారబోస్తున్నాను వదినా నేను?" అంది, నిద్రలోంచి లేచినట్టు. "సందులో ఉన్న ఎండంతా నీ గదిలోకి తోలొచ్చు కదా."

"తోలితే పోతుందా? గొర్రెల్లాగా?"

"పసుపు గీత ఎటుంటే అటు."

అంతే, కొంగు బిగించాను. గోడల మీది పసుపంతా కడిగించాం. గంజి దండిగా పోస్తే చచ్చిన చోట కొత్త పోగులు అల్లుకున్నాయి. ఈసారి హైమ సుద్దముక్కతో దారి గీస్తూ ముందు నడిచింది, నేను పసుపు గిన్నెతో వెనక. నూకరాజు కొట్టు నుంచి మెస్సు గోడ మీదుగా మా వసారా దాకా, కాలవకు గట్లు వేసినట్టు, రెండు గీతల మధ్య వేడికి దారి. మొదటిసారి గీతలో ఎక్కడో సందు మిగిలి, రమణమ్మ పూజగదిలోకి వేడి దూరి కొబ్బరినూనె సీసా పేలింది. "నా దేవుడికి కూడా వడదెబ్బ కొట్టించారు కదమ్మా!" అని గగ్గోలు పెట్టింది పాపం. గీత సరిచేశాం. వేడంతా వచ్చి సరుకుగది గోడల్లో చేరింది, మామగారి ఫొటో మళ్ళీ ఆ గోడకే తగిలించాం. గదిలో బల్లలు వేసి చాపలు పరిచాను. తిప్పాల్సిన వేళకు తలుపు తీసి, గబుక్కున తిప్పేసి, వసారా చల్లదనంలోకి వచ్చి కూర్చోవడమే. కిటికీలోంచి కాపలా కాసే పని మా ఆయనకు తప్పింది.

ఇంజినీరుగారు వచ్చిన రోజు సైరను మోగింది. మా సందులో ఒక్క తలుపూ మూతపడలేదు. ఆయన తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ సందులోకి అడుగుపెట్టి, తువ్వాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడలు చూసి ముఖం చిట్లించాడు.

"ఈ పసుపు గీతలేంటమ్మా? పూజలు చేశారా?"

"పైపులైను సార్" అంది హైమ.

ఆయన నమ్మలేదు. సరుకుగది తలుపు తీసి చూపించాక నమ్మాడు. తాండ్ర పొట్లం చేతిలో పెట్టాక మరీ నమ్మాడు.

ఇప్పుడు ఊళ్ళో సగం వీధులు తెల్లబడ్డాయి. సున్నానికి ముందు వీధివాళ్ళంతా కూర్చుని, మా ఎండ ఎవరికివ్వాలి అని తేల్చుకోవాలి. అప్పడాలవాళ్ళకు కొన్ని వీధులిచ్చాయి, ఒడియాలవాళ్ళకు కొన్ని, వానాకాలంలో లాండ్రీలకు కొన్ని. నూకరాజు బోర్డు మీద 'చలవ' కింద 'వేడి' అని కూడా రాయించాడు. తాడితోట వైపు రెండు వీధులవాళ్ళు ఎండ కోసం కొట్టుకుంటే పెద్దమనుషులు పంచాయితీ చేశారు. ఒకప్పుడు ఎండ పేరు చెబితే తలుపులు వేసుకున్న ఊరండీ ఇది! హోటళ్ళ గంజికి గిరాకీ వచ్చింది. పసుపు గీతలు తీర్చే పనికి ఆడవాళ్ళను తీసుకుంటున్నారు, ఇంటి ముందు ముగ్గులు వేసిన చేతులు కదా, గీత తప్పదు. నేర్పేది నేనూ రమణమ్మా. పనీపాటా లేనివాడే కదా ఊరి మీద పడి తిరిగేది, ఎండకు కూడా ఒక పని అప్పజెబితే తిన్నగా ఉంది.

అయితే ఒకటి చెప్పాలి, దాచను. ఎండలో ఎండిన తాండ్రకు ఒక వాసన ఉండేది. చాప వాసనా, వేడి నేల వాసనా, మిట్టమధ్యాహ్నపు గాలి వాసనా కలిసి. గదిలో ఎండిన దాంట్లో అది లేదు. రుచి ఉంది, రంగు ఉంది, ఆ వాసన లేదు. పాత వాడుకదార్లు ఒకరిద్దరు ముక్క వాసన చూసి ఏమీ అనకుండా కొనుక్కుపోయారు. నాకు అర్థమైంది. పెరట్లో ఒక చాప వేసి చూశాను కూడా. బూజే వచ్చింది. ఆ వాసన ఇక మామగారితోనే పోయిందని సరిపెట్టుకున్నాను. మనుషులు మిగిలారు, అది చాలు.

మొన్న ఈ ఏటి మొదటి పూత తీశాం. హైమ ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తుంది, పనిలో ఉన్నానన్న మాట ఎత్తితే వీపు విమానం మోత మోగుతుందని తెలుసు. వసారాలో నా పక్కన కూర్చుని, సందులో అష్టాచెమ్మా ఆడుతున్నవాళ్ళను చూస్తూ, "అంతా నీ చలవే వదినా" అంది.

"నా చలవేంటే పిచ్చిమొహమా! చలవ నీది. ఎండ మీ నాన్నది. మధ్యలో పసుపు మాత్రం నాది" అన్నాను.

మొదటి పూతలోంచి ముక్క కోసి దాని చేతికిచ్చాను. లేచి వెళ్ళి మామగారి అర మీద పెట్టి, అద్దం మీద అరచెయ్యి ఆనించి, "వెచ్చగా ఉన్నాడు వదినా" అంది.